చీటీ నంబరు 417

పైన మాట: లైట్ తీస్కో.
కింద అర్థం: పట్టించుకోకు, మనసు మీదికి తెచ్చుకోకు.
ఆ కింద పుట్టుక.
పుట్టుక పక్కన ఒక గీత, గీత పక్కన ఖాళీ.
నారాయణగూడలో మెట్ల కింద మా నిఘంటువు గది,
ఆ ఖాళీ అక్కడే మూడు వానకాలాలు చెమ్మపట్టింది.

నృసింహాచార్యులు గారు కళ్ళజోడు తీయకుండానే తేల్చేశారు:
"ఇంగ్లీషు లైట్. తేలిక అని. దానికి మన తీసుకోవడం తగిలించారు.
వెతకడానికేముందయ్యా ఇందులో?"
ఆయనకు ప్రతి మాటా ఇంటిపేరు చెప్పుకొని వచ్చే చుట్టమే.
దారితప్పి గుమ్మంలో నిలబడ్డ పిల్ల
ఆయన కంట ఎప్పుడూ పడలేదు.

చీటీ జేబులో వేసుకొని బస్సెక్కాను.

అఫ్జల్‌గంజ్ హోటల్ గల్లా మీద గౌసుద్దీన్
చిల్లర లెక్క ఆపకుండానే అన్నాడు:
"మాది సాబ్ ఆ మాట. మా అబ్బా 'లైట్ లే' అంటుండె.
మీరు దాన్ని తెలుగు చేసుకున్రు."
పక్క బల్ల మీద ఉస్మానియా బిస్కెట్ ముంచుతున్నాయన
ఊరుకుంటాడా?
"ఉల్టా చెప్తున్నవ్ భాయ్! మేమన్నది మీరు ఉర్దూ చేసుకున్రు."
ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు.
బిస్కెట్ విరిగి చాయిలో మునిగింది.
చివరికి ఎవరు ఎవరికి బాకీనో తేలలేదు గానీ
నా చాయి పైసలు ఎవ్వరూ తీసుకోలేదు.

బేగంబజార్‌లో మిరపకాయ బస్తా దించి
తుమ్ముల మధ్య చెప్పాడు ముసలి హమాలీ పెంటయ్య:
"కొత్త పోరగాడు పనికొస్తే మా మేస్త్రి అంటుండె,
బరువుది నాకిడువు, లైట్‌ది నువ్ తీస్కో అని.
గట్ల పుట్టింది బిడ్డా."
ఆ మేస్త్రి పేరడిగాను.
పెంటయ్య బస్తా వైపు చూశాడు. గుర్తు రాలేదు.

సీతాఫల్‌మండిలో కరెంటు స్తంభం మీంచి బాలమల్లు:
"కందిలి సార్, కందిలి! కరెంటు పోతే
పక్కింటోళ్ళు గోడ మీంచి అందిస్తుండ్రి,
ఫికర్ జేయకు, మా లైట్ తీస్కో అని."
నాకిదే నిజమైతే బాగుండనిపించింది.
బాగుండటం ఆధారం కాదు, అదీ తెలుసు.

రాత్రి ముషీరాబాద్‌లో బరాత్ అడ్డొచ్చి బస్సు ఆగింది.
దిగాను.
గుర్రం మీద పెళ్ళికొడుకు చెమటలు కక్కుతున్నాడు.
రోడ్డుకు రెండు వైపులా ఆడవాళ్ళు,
నెత్తిన చుట్టబట్ట, దాని మీద దీపాల గుత్తి.
అన్ని గుత్తులకూ ఒకటే వైరు, వెనక బండి మీద జనరేటర్.
ఒకరు తడబడితే వరసంతా గుంజుకుంటుంది.
బ్యాండు మేస్త్రి ఈల వేసి అరిచాడు:
"ఏయ్ చిత్తారమ్మా, లైట్ తీస్కో!"
ఆమె వంగింది. ఎత్తుకుంది. నిలబడింది.
సరిగ్గా అప్పుడే
డాన్సు మధ్యలో ఒక కుర్రాడు
ఏడుస్తున్న దోస్తు మెడ చుట్టూ చెయ్యేసి అంటున్నాడు:
"లైట్ తీస్కో మామా, పోతే పోయింది పోరి."

ఆమె పక్కనే నడుస్తూ అడిగాను, ఎంత బరువుంటుందమ్మా?
తల తిప్పలేదు, తిప్పితే దీపాలు తిరుగుతాయి.
కళ్ళు మాత్రం నా వైపు తిప్పి
"నేనెన్నడు తూయలె" అంది.
"నువ్ ముందట్నుంచి జరుగు సారూ, వైరు తొక్కుతున్నవ్."

మర్నాడు చీటీ వెనక అన్నీ రాసుకుపోయాను.
ఆచార్యులు గారు ఒక్కొక్కదాని పక్కన ఎర్రగా
"ఆధారం?" అని రాస్తూ పోయారు.
చిత్తారమ్మ దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
అక్కడా రాశారు, కాస్త చిన్న అక్షరాలతో.

నా మొహం చూసి ఏమనుకున్నారో
చీటీ తిరిగి నా చేతిలో పెడుతూ
"పోనీలేవయ్యా, లైట్ తీస్కో" అన్నారు.

పదకొండేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.
ఎక్కడ నేర్చుకున్నారని
నేనడగలేదు.