ఉప్పు ఎక్కడికీ పోదు

కోవెంట్రీ నుంచి ఏ దిక్కుకి బయల్దేరినా
సముద్రం రెండు గంటల దూరం.
అందుకే కాబోలు, ముందుగదిలో
మూడడుగుల గాజుతొట్టిలో
బకెట్లు బకెట్లుగా కలుపుకున్నాను దాన్ని.

ఐదో వారం.
ఇసుక మీద గోధుమరంగు పొర,
ఎవరో టీ ఒలకబోసి తుడవకుండా పోయినట్టు.
నాలుగు వేళ్ళ వెడల్పు పగడం ముక్క
నోళ్ళు విప్పి ఆరు రోజులైంది.

చుక్కలు లెక్కపెట్టి, మూత బిగించి,
అరవై అంకెలదాకా ఆడించి
ట్యూబులైటు కింద రంగుల అట్టకి ఆనించి చూస్తాను.
అమ్మోనియా: నిమ్మపండు పసుపు. లేదు.
నైట్రైట్: ఆకాశనీలం. అదీ లేదు.
నైట్రేట్ నారింజ దగ్గర కాస్త తటపటాయించింది,
అంత పెద్ద నేరమేం కాదు.
ఫాస్ఫేట్‌ని అనుమానించాను,
ఫిల్టరుని, కొత్త దీపాన్ని,
రాతి వెనక దాక్కునే సన్యాసి పీతని కూడా.
పాపం, అద్దెచిప్పలో కాపురం, దానికేం తెలుసు.

నవ్వకండి, నీళ్ళు పరీక్షించడమే నా ఉద్యోగం.
పొద్దున ఆరింటికి డయాలిసిస్ వార్డులో
మొదటి మనిషి కుర్చీలో కూర్చోకముందే
గొట్టాల్లో క్లోరిన్ జాడ వెతికి సంతకం పెట్టేది నేనే.
పదకొండేళ్ళు. ఒక్క చుక్క తప్పలేదు.

ఏడో నంబరు కుర్చీ ఆల్డ్రిడ్జ్ గారిది.
ఒకప్పుడు కాలువ మీద తలుపులు తెరిచి మూసి
పడవల్ని మెట్లెక్కించిన మనిషి.
ఇప్పుడాయన వంతు రోజుకి మూడు కప్పుల నీళ్ళు,
అవీ చిన్న కప్పులు.
నాలుగు గంటలు కదలకూడదు కనక
నా తొట్టి సంగతులు సీరియల్‌లా వింటాడు.
"వాకూ, ఏమంటోంది నీ సముద్రం?"
వకుళ అనడం ఆయనకి రాలేదు, నేనూ నేర్పలేదు.

రిపోర్టులన్నీ బాగున్నాయి, రోగే బాగాలేదు అన్నాను.
రెండ్రోజులకో వేలెడు తగ్గుతాయి నీళ్ళు,
కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు పోస్తూనే ఉన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు.
"మొన్న చిప్స్ పొట్లం తిన్నానని
నన్నెందుకు తిట్టావు మరి?"

మిషను ఒకసారి కూసింది. దేనికో చూడనే లేదు.

ఆవిరైపోయేది నీరు.
ఉప్పు ఎక్కడికీ పోదు.
సోమ, బుధ, శుక్రవారాలు ఈ మాటే కదా
తూకం యంత్రం పక్కన నిలబడి
అందరికీ చెబుతుంటాను.

ఇంటికొచ్చి, కోటు విప్పకుండా,
ఒక్క చుక్క గాజు మీద వేసి
దీపం వైపు కంటికి ఆనించి చూశాను.
వెయ్యిపాళ్ళకి ముప్ఫై ఐదు దగ్గర ఉండాల్సిన గీత
నలభై రెండు మీద కూర్చుని ఉంది.

ఒక్కసారే మంచినీళ్ళు గుమ్మరించకూడదు.
ఒంట్లోంచి నీరు లాగేటప్పుడూ అంతే,
తొందరపడితే పిక్కలు పట్టేస్తాయి.
రోజుకి రెండు జగ్గులు తీసి
రెండు జగ్గుల వడకట్టిన నీరు.
చేతికి గడియారం లేకుండా పోశాను.

గోధుమ పొర మాత్రం పోలేదు.
కొత్త తొట్లకి అది తట్టులాంటిది,
దాని మానాన వదిలెయ్యమంది దుకాణంలో అమ్మాయి.

నిన్న రాత్రి దీపం ఆర్పబోతుంటే
ఒక నత్త, గాజు మీద పొరని నాకుతూ
వంకర దారి వేసుకుంటూ పోతోంది.
ఆ దారిలోంచి చూశాను:
పగడం మీద ఒక్క నోరు, సగం.

శుక్రవారం ఏడో కుర్చీకి
అంతే చెప్తాను. సగం.