ఒక అంగుళం

మొదట లైటు వెలిగింది.
పసుపు రంగు, చిన్న బండి బొమ్మ, నాలుగు చక్రాలు.
కత్తిపార మలుపు తిరుగుతుంటే
వెనకనుంచి ఎవరో కొంగు పట్టి లాగినట్టు
ఒక్క క్షణం మొరాయించి
మళ్ళీ నడిచింది.
నేను రేడియో గొంతు పెంచాను.
అదీ ఒక వైద్యమే.

పదిహేడేళ్ల బండి. మా మేఖల కంటే ఆరేళ్లు పెద్దది.
తెచ్చిన రోజు దామోదరం అన్నాడు:
"నాలుగు చక్రాలూ లాగుతాయి.
వేళచ్చేరి నీళ్లలోకి ఏనుగులా దిగి ఏనుగులా లేస్తుంది."
ఒక డిసెంబరులో నిజంగానే లేచింది,
మా ముగ్గుర్నీ, ఎదురింటి ముసలామెనీ,
ఆమె వదలనన్న కుట్టుమిషన్నీ మోసుకుని.
అప్పట్నుంచి అమ్మేద్దామన్న మాట
ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అందుకే ఎవరు చెప్పిన మందైనా వాడాం.
సెన్సారు మార్చమన్నాడొకడు, మార్చాం.
బ్యాటరీ వైరు పీకి పెట్టమన్నాడు మా బావ, పీకి పెట్టాం;
లైటు రెండ్రోజులు సెలవు పెట్టి
మూడోనాడు ఉద్యోగంలో చేరింది.
వెనక గేరుపెట్టెలో నూనె దించితే
మాడిన పులుసులా వచ్చింది.
కొత్తది పోశాం.
మలుపు దగ్గర మళ్ళీ కొంగు.

ఆఖరికి పుదుపేట.
సందు నిండా విప్పేసిన తలుపులు, కళ్లు పీకిన హెడ్‌లైట్లు.
మెకానిక్కు పేరు ఆరోక్యం.
మోచేతులదాకా గ్రీజు, చెవి మీద పెన్సిలు.
బోనెట్టు ఎత్తుతాడనుకున్నా, ఎత్తలేదు.
"శబ్దం ఎక్కడ?"
నేనూ దామోదరం చెరోవైపు చూపించాం.
దారంతా వెనకసీటు కింద చెవి ఆనించి పడుకున్న మేఖల
"ఎక్కడా కాదు అంకుల్, మలుపులో ఉంది" అంది.
అతను నవ్వలేదు.
పిల్లకి కుర్చీ వేయించాడు.

తర్వాత పురికొస తెచ్చాడు.
ముందు కుడి చక్రం నడుముకి చుట్టి,
పండగ ముందు దర్జీలా, కొలతకి ముడి వేశాడు.
అదే కొస ఎడమదానికి: ముడి అందింది.
వెనక కుడిదానికి: అందింది.
వెనక ఎడమ చక్రం దగ్గర
ముడికీ కొసకీ మధ్య
నా బొటనవేలు పట్టేంత సందు.

"ఇదొక్కటే కొత్తదమ్మా. మిగతా మూడూ అరిగాయి.
లావుది మెల్లగా తిరుగుతుంది. లోపలి బుర్రకేమో
మిగతావి జారుతున్నట్టు లెక్క.
ఎర్రటి ఎండలో మౌంట్ రోడ్డు మీద పోతూ
మీ బండి బురదలో ఉన్నాననుకుంటోంది.
బయటపడాలని పెనుగులాడుతోంది."

నేను దామోదరం వైపు చూశాను.
అతను సందు చివర టీకొట్టు వైపు.

ఏప్రిల్లో తిండివనం దగ్గర పంక్చరు.
"అతికించేశారు, రెండొందలు" అన్న మాట.
ఆ నెల స్కూలు ఫీజు.
నేను రసీదు అడక్కపోవడం.
అన్నీ ఆ బొటనవేలంత సందులోంచి కనిపించాయి.

మూడు టైర్లు మార్చాలి.
ధర అడిగాం. కాసేపాగి ఇంకోలా అడిగాం.
మా దగ్గర ఒకటిన్నరకి డబ్బుంది.
ఆరోక్యం డ్యాష్‌బోర్డు కింద చెయ్యి దూర్చి
చింతగింజంత ఎర్ర ఫ్యూజు పీకి
నా అరచేతిలో పెట్టాడు.
"ఇప్పటికి ముందు రెండే లాగుతాయి. వెనకవి వెంట వస్తాయి.
వానల్లోపు రండి."
కూలి వంద. పురికొస మేఖల అడిగి తెచ్చుకుంది.

తిరుగుదారిలో కత్తిపార.
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
ఎవరూ కొంగు లాగలేదు.
బండి తేలిగ్గా, కాస్త సిగ్గు లేకుండా తిరిగింది.
లైటు మాత్రం ఆరలేదు.
ఇప్పుడది నిజమే చెబుతోంది.

దామోదరం ఏదో అనబోయి
ఏసీ తగ్గించాడు.
సముద్రం వైపు ఆకాశం నల్లబడుతోంది.
గిండీ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు
చిల్లర పర్సులో, నాణేల అడుగున,
ఫ్యూజు ఉందో లేదో
వేలితో తడిమి చూసుకున్నాను.