గింజ తునక

పొందూరులో పారమ్మ ఇంటి వసారా.
మాఘమాసం, పొద్దున్న ఎనిమిదిన్నర.
వాలుగ చేప దౌడతో ఆమె పత్తి దువ్వుతోంది.
ఒకే ఒక్క ఫొటో తీశాను.
ఆ ఒక్కటీ ఫైలుగా నా దగ్గర పదకొండు నెలలుంది.

స్క్రీను మీద బాగానే ఉండేది.
స్క్రీను అబద్ధమాడుతుంది, వెనకాల దీపం పెట్టుకుని.
కాగితానికి సొంత వెలుగు లేదు,
గదిలో ఉన్నదే అప్పు తెచ్చుకోవాలి.

మొదటి ప్రింటు ట్యూబులైటు కింద పాచి రంగు,
గుమ్మంలోకి తెస్తే గులాబి.
నాలుగు సిరాలు కలిసి బూడిద అవ్వమంటే
నాలుగూ నాలుగు దిక్కులకి లాగాయి.

శ్రీకాకుళం, ఏడు రోడ్ల కూడలి దాటాక సందులో
గౌరీశ్వరరావు మాస్టారి స్టూడియో.
డార్క్‌రూము ఇప్పుడు బియ్యం బస్తాల గది.
ఎర్ర బల్బు మాత్రం హోల్డరులోనే ఉంది, వెలగదు.
గోడని వాసన చూస్తే ఇంకా పుల్లగా హైపో.
ఎండాకాలం డెవలపరు ట్రే కింద ఐసు ముక్కలు పెట్టేవారట.
సైకిల్ పుల్లకి అట్టముక్క గుచ్చి
పెళ్లికూతురి మొహానికి నీడ పట్టేవారట,
ఎనిమిది లెక్కపెట్టేంత సేపు.

నా ప్రింటుని తలకిందులుగా పట్టుకుని చూశారు.
"నలుపుంది. లోతు లేదు.
తారు పూసినట్టుంది గాని నూతిలోకి చూసినట్టు లేదు."
అంతే.
టీ తాగి వచ్చేశాను.

కాగితం మార్చాను, ఒక్కోటీ నూటడెబ్భై రూపాయలు.
రంగు సిరాలు తీసేసి అన్నీ బూడిద సిరాలే పోశాను.
నలుపు నుంచి తెలుపు దాకా ఇరవయ్యొక్క మెట్లు అచ్చు వేస్తే
కింద నాలుగు మెట్లు కలిసిపోయి ఒకే గొయ్యి,
పైన మూడు మెట్లు అసలు లేనే లేవు.
వంపు గీతని వెంట్రుకవాసి లేపడం, దించడం,
మళ్లీ అచ్చు, మళ్లీ రాత్రంతా ఆరనివ్వడం.
తడి మీద చూసి మురిసిపోయిన నలుపు
తెల్లారేసరికి చప్పబడిపోయేది.

ఆరో ప్రింటు పారమ్మ దగ్గరకి పట్టుకెళ్లాను,
మాస్టారికి చూపించడానికి భయమేసి.

తన మొహం చూసుకోలేదు ఆమె.
ఒళ్లో పత్తి మీద వేలు పెట్టింది.
"ఏటి బాబూ ఇది? సున్నం.
పత్తికి పోగుంటాది. పోగు పక్కన నీడుంటాది.
మరీడ నీడేదీ?"
అరవయ్యేళ్లుగా తెలుపే చేతిలో పట్టుకున్న మనిషి,
కొండపత్తి తెలుపు, మంచులో తడిసిన కాయ తెలుపు,
అరటి దొప్పలో దాచిన ఏకు తెలుపు,
ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పగలదు.
నా కాగితం మీద ఉన్నది మాత్రం ఒక్కటే.
తరవాత నల్లటి మూల చూపించి,
"ఈడ నా రాట్నం ఉండాల.
ఎవులెత్తుకుపోనారు?"

ఇంటికొచ్చి ఫైల్లో వెతికాను.
ఉంది. చక్రం సగం, చీకట్లో.
లోతు కోసమని నేనే పూడ్చేశాను.

తొమ్మిదో ప్రింటులో ఆ చక్రం అంచు
నూతి అడుగున నీళ్లలా
మెరిసీ మెరవకుండా మెరిసింది.
మాస్టారు ఏమీ అనలేదు.
జేబులోంచి కళ్లజోడు తీసి మళ్లీ చూసి
"గోడకి ఇంకోటి వేసియ్యి" అన్నారు.

పారమ్మ మాత్రం చాలాసేపు చూసింది.
వసారా అంచుకి జరిగి
ఎండకి ఏటవాలుగా పట్టి
పత్తిలో ఒకచోట ఆగింది.
"గింజ తునక ఉండిపోనాది" అంటూ
నేను వద్దనేలోగా
గోరుతో గిల్లింది.

అది నా కెమెరా సెన్సరు మీది దుమ్ము.
కాగితం మీద ఇప్పుడు ఓ గోటి గీత,
పోగంత సన్నగా,
పక్కన దాని నీడ.