ఆచూకీ లేనివారు: ఒకరు

జోంబాలో కరెంటు పోయింది.
లాప్‌టాప్‌లో పదకొండు శాతం.
సారాంశం రెండొందల యాభై మాటలు దాటకూడదట;
తోకొజానీ ఇంకా తొమ్మిది కొయ్యాలి.

"వానాకాలంలో" తీసేసింది.
"తల్లి వీపున మోసుకొచ్చిన",
అది మొదటి దిద్దుబాటులోనే పోయింది.

రెండో పట్టిక అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో
నలభై మూడో నంబరు: ఆచూకీ లేదు.

లేకేం?
పొద్దున బస్టాండు దగ్గర
డబ్బాతో ఎండుచేపలు కొలిచింది వాడే.
మలేరియా వదిలినా ఎడంచేతిని వణుకు వదల్లేదు.
"కొసరు అదే వేస్తోంది డాక్టరమ్మా"
అని నవ్వాడు.

గడువు దాటాక కనబడ్డవాణ్ణి
ఏ గడిలో కూర్చోబెట్టడం?

నాలుగు శాతం.
ఆఖరి ప్రశ్న.
ఈ పరిశోధన వల్ల రచయితకు ముట్టిన లాభాలు:
ఏమీ లేవు, అని టిక్కు పెట్టబోతే
వంటింట్లోంచి
ఎండుచేపల వాసన.