ఎంట్రీ ఇన్‌వర్డ్

రాత్రి తొమ్మిదీ నలభైకి వచ్చింది నోటిఫికేషన్.
రెండే పేజీలు.
పట్టికలో ఆ వరుసలో ఏడున్నర అని ఉన్నచోట
పదిహేను అని చదువుకోవాలి, అంది.
చదువుకున్నాం.
లింగిచెట్టి వీధి, మూడో అంతస్తు,
ఫ్యాను కింద నేనూ, యాళినీ,
పొట్లంలో చల్లారిన ఇడియాప్పం.

సూళ్లూరుపేట మస్తానయ్యవి గొడుగు ఊచలు.
నలభై అడుగుల పెట్టె నిండా
బట్ట కప్పని ఎముకలు.
బిల్లు మంగళవారమే వేశాను,
కోడు మూడుసార్లు సరిచూసి,
తూకం, ఇన్వాయిసు, పుట్టిన దేశం కాయితం, అన్నీ.
ఇరవై రెండేళ్లుగా ఈ కార్డు మెడలో వేసుకున్నదాన్ని,
ముందే పరిగెత్తడం అలవాటు.

చట్టానికి నా మంగళవారం పట్టదు.
ఓడకంటే ముందొచ్చిన బిల్లయితే
ఓడని లోనికి రమ్మన్న రోజే లెక్క.
ఓడేమో వాయుగుండానికి జడిసి
రేవు బయట లంగరేసుక్కూచుంది.
గొడుగుల్ని వాన ఆపింది.
ఈ మాట ఫోన్లో అంటే
మస్తానయ్య నవ్వలేదు.

"రేపు పొద్దున్నే కట్టేస్తే పాతదే గదమ్మా?"
"కాదండీ."
"సరుకు నిన్ననే వచ్చేసిందన్నారు?"
"వచ్చింది. రాలేదు."
అట్నించి చాలాసేపు
కుట్టుమిషను చప్పుడు.

పదకొండున్నరకి స్కూటరు తీసి
కాశిమేడు దాకా పోయాను, ఎందుకో.
సన్నటి జల్లు. ఖాళీ చేపల బుట్టలమీద పట్టాలు.
చీకట్లో దూరంగా ఆరేడు దీపాలు.
మాది ఏదో తెలీదు.
వల సర్దుతున్న ముసలాయన
ఎవరొస్తున్నారమ్మా అన్నాడు తమిళంలో.
గొడుగులు, అన్నాను.
తలమీది గోనెకొప్పెర ముందుకి లాక్కుని
ఆయన కూడా కాసేపు అటే చూశాడు.

ఫోన్లో తేదీ మారింది.
ఓడ కదల్లేదు.
పన్ను కదిలింది.

ఇంటికెళ్లలేదు. ఆఫీసు తాళం తీసి
కొత్త లెక్క కట్టాను:
తేడా లక్షా పన్నెండు వేల చిల్లర.
తుడుచుకోని చేతి తడి
చిల్లర దగ్గర అలుక్కుంది, మళ్లీ రాశాను.

ఒంటిగంట పదికి ఆయనే మెసేజీ పెట్టాడు.
లక్ష ఊసు లేదు.
సముద్రగాలికి ఊచలు తుప్పు పడతాయామ్మా, అని.
పట్టవండీ, అని కొట్టాను
వెంటనే,
ఏదీ సరిచూడకుండా.