వచ్చాయి

కృష్ణానగర్ రెండో సందుల
గోడలకు గుడ్ల అట్టలు అంటిచ్చిన గదిల
ఒక్క దినం, పొద్దున పదింటి నుంచి దీపాలు పెట్టేదాక
సున్న నుంచి తొంభై తొమ్మిది వరకు చదివిన.
తర్వాత వంద, వెయ్యి, లక్ష.
తర్వాత ‘రూపాయలు’.
ఆఖరికి ‘వచ్చినయి’.

“వచ్చినయి కాదు మేడం, వచ్చాయి” అన్నడు
అద్దం అవతల హెడ్‌ఫోన్ పిల్లగాడు.
“అందరికీ అర్థం కావాలి కదా.”
మా అమ్మకు ఇన్నేండ్లు ఎట్ల అర్థమైందో అడగలే.
నలభై సార్లు అన్న,
నవ్వుతున్నట్టు కొన్ని, నవ్వనట్టు కొన్ని.
ఏది ఉంచుకున్నరో ఇప్పటికీ తెల్వది.

ఏడువేల ఐదువందలు.
పదకొండు పేజీల కాయితం, అంతా ఇంగ్లీషు,
సంతకం కాడ పెన్సిల్‌తో ఇంటూ గుర్తు.
“ఏం లేదు మేడం, ఫార్మాలిటీ.”
పిల్ల ఫీజు కండ్ల ముందు ఆడుతుంటే
గుర్తు ఉన్న కాడ గీకిన.

ఇప్పుడు యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ కాడ
టమాటల బండి మీద నేనే,
ఇడ్లీ బండి రేకు కింద నేనే,
మెట్రో మెట్ల పక్క పూలమ్మే మొగులమ్మ
గంపల, మల్లెల నడుమ నేనే.
ఎవరో ఎవరికో కొడితే
“ఇరవై రూపాయలు వచ్చాయి” అంట.
నాకు కాదు.
మొదట్ల సంబురమే. పిల్లను తోల్కపోయి ఇనిపిచ్చిన.
అది ఫోన్ల నుంచి తలెత్తలే.

“ఆ డబ్బల పిల్ల అబద్ధమాడదక్కా,”
అంటది మొగులమ్మ.
“మొన్న ఒకడు ఉత్త ఫోటో చూపెట్టి
రెండు మూరలు కొట్టేద్దామనుకున్నడు.
డబ్బ పలకలే. గల్లా పట్టిన.”
ఆ పిల్ల నేనే అని చెప్పిన.
నా దిక్కు చూసి, డబ్బ దిక్కు చూసి
“నీది బొంగురు గొంతు, అది వేరే” అన్నది.
జలుబు చేసిందని చెప్పబుద్ధి కాలే.

కింద పోర్షన్ల రజబ్ భాయ్ ఎడిటింగ్ చేస్తడు.
“బాజీ, మీరు బియ్యం అమ్మిన అనుకున్నరు,
వాళ్ళు విత్తనాలు కొనుక్కున్నరు” అన్నడు.
తుడిపెయ్యమని అడిగే హక్కు ఉంటదంట,
మెయిల్ ఆయనే రాసిపెట్టిండు.
నిమిషంల జవాబు:
ఈ చిరునామాకు జవాబులు పంపకండి.

మొన్న మంగళారం, అన్నం వంచుతుంటే ఫోన్.
“నమస్కారం సుగుణావతి గారూ,
మీ రుణ వాయిదా గడువు తొమ్మిది రోజులు దాటింది.”
నా గొంతే.
రుణం అన్న మాట ఆ గదిల నేను అననే లేదు.
గడువు అనలే. నా పేరు అసలే అనలే.
ఒక్క తేడా పట్టుకున్న:
వాక్యం నడుమ నేనొక గుటక మింగుత,
ఇరవై ఏండ్లుగ ఇంజనీర్లు దాన్ని కోసి పారేస్తున్నరు.
దానికి గుటక లేదు.

గంజి చెయ్యి మీద పడ్డది.
“అమ్మా!” అన్న.
“క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు.”

“పైసలు ఇంక రాలే. వచ్చినంక కడత.”
“క్షమించండి, మళ్ళీ చెప్పండి.”
“వచ్చినయి అను” అన్న,
కోపంతోటి కాదు,
అన్నం వద్దనే పిల్లకు ముద్ద పెడుతున్నట్టు.
“ఒక్కసారి అను బిడ్డా. వచ్చినయి.”
కొంచెం సేపు చప్పుడు లేదు.
“క్షమించండి” అన్నది.
ఎంత మర్యాదగ మాట్లాడతనో నేను
అప్పుడే ఇన్న.

రాత్రి చేతికి తేనె రాసుకొని డబ్బింగ్‌కు పోయిన.
సచ్చిపోయే తల్లి. ఒక్క కేక. ఎనిమిది వందలు.
కేక మంచిగొచ్చింది, చెయ్యి మంట పనికొచ్చింది.
కాయితం తెచ్చిన్రు, ఈసారి పదిహేడు పేజీలు,
ఆఖరుకు అదే ఇంటూ గుర్తు.

పెన్ను సంచిల పైననే ఉంది.
చాన సేపు ఎతికిన.