కుడివైపు కుర్చీ

మొదటి వారం ఆయన మాట్లాడిందల్లా గోడతోనే.
"మందు" అంటే చెయ్యి చాపేవాడు.
"నీళ్లు" అంటే మింగేవాడు.
నోరు తెరవమంటే తెరిచేవాడు,
గని గేటు దగ్గర కాపలావాడికి
జేబులు తిరగేసి చూపినట్టు.

మా మొఖొత్లోంగ్ కొండల్లో జూన్ అంటే మంచు.
వార్డులో కిటికీలు మాత్రం తెరిచే ఉండాలి,
క్షయకి గాలి ఆడాలి కదా.
కంబళి ముక్కుదాకా లాక్కుని
న్తాతె సెయబాత, యాభై ఎనిమిదేళ్లు.
అందులో ఇరవై రెండు వెల్కం బంగారు గనిలో పోయాయి.
ఆ ఊరి పేరుకి అర్థం స్వాగతమట.
తెచ్చుకున్నది ఒక రేడియో,
ఊపిరితిత్తుల నిండా రాతిపొడి,
మామూలు మందులకి లొంగని జబ్బు.

రోజుకి పద్నాలుగు మాత్రలు, ఒక సూది.
సూది వేసేది నేను.

ఒకరోజు పక్క దులుపుతుంటే
దిండు కుట్టులోంచి మూడు మాత్రలు రాలాయి.
రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలి. రాశాను.
రాసి, కలం మూసి, వెనక్కొచ్చి అడిగాను:
"ఇవి మింగితే లోపల ఎలా ఉంటుంది?"
అప్పుడు తిరిగాడు నా వైపు.
"నిప్పు. ఖాళీ పొట్టలో నిప్పు."
అంతవరకూ ఆ మాట అడగాలని
నాకే తోచలేదు.

మర్నాటి నుంచి మాత్రల కంటే ముందు
డబ్బాలో మొతొహొ, మా అమ్మ పులియబెట్టిన జొన్నజావ.
తాగి మూతి తుడుచుకుని అన్నాడు:
"మీ అమ్మ పిసినారి. చక్కెర వెయ్యదు."
అదీ మా పరిచయం.

గురువారాల్లో మేనల్లుడు గుర్రాన్ని తెచ్చి
కంచెకి కట్టేవాడు, ఆయన చూసుకోవడానికి.
దాని పేరు లెఫిఫి, అంటే చీకటి.
ఒక గురువారం అది ఎడమ పక్క కిటికీ కింద సకిలిస్తే
ఆయన కుడివైపు తలుపుకేసి చూశాడు.
చూసి, నేను చూశానేమోనని చూశాడు.

నేనేమీ అనలేదు.
కుర్చీ ఎత్తి మంచానికి అటువైపు వేసుకుని
జ్వరం లెక్క రాసుకున్నాను.
మర్నాడు వెళ్లేసరికి
కుర్చీ ముందే కుడివైపు ఉంది.
దాని మీద ఎప్పుడూ ఉండే ఆయన గడ్డి టోపీ
నేల మీద ఉంది.

ఆ సాయంత్రం డాక్టరుతో చెప్పాను, సూది ఆపారు.
అరవై ఏడు రోజులు వేశాక ఆపారు.
ఆ మందు చెవి తినేస్తుందని పుస్తకంలో చదివినదాన్నే.
తిన్నది తిరిగి రాదనీ చదివాను.
ఆగస్టుకి కుడి చెవీ మసకబారింది.
నేను గట్టిగా అరిస్తే పక్క మంచాలవాళ్లు ఉలిక్కిపడేవారు,
ఆయన మాత్రం కనుబొమలు పైకెత్తేవాడు.

"డ్రిల్లు మోగుతుంటే ఎవడి చెవీ పనిచెయ్యదు" అన్నాడు ఒకరోజు,
తన గొంతు తనకే వినిపించక, వార్డంతా దద్దరిల్లేలా.
"మేం పెదాలు చదువుకునేవాళ్లం.
నువ్వేమో గుడ్డ కట్టుకుని తిరుగుతావు, పుసెలెత్సొ."
నర్సు అని కాక పేరుతో పిలవడం అదే మొదలు.

వార్డులో మాస్కు తియ్యకూడదు.
బయటికి వెళ్లాను.
చీలమండల దాకా మంచు. కిటికీ రెక్క మూసి,
అద్దానికి ఇవతల నిలబడి మాస్కు తీశాను.
మూడు నెలల తర్వాత మొదటిసారి నా ముఖం చూశాడు.
"ముందు పన్ను విరిగిందే!" అని నవ్వాడు, దగ్గాడు, మళ్లీ నవ్వాడు.

మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను:
లెఫిఫి గడ్డి తింది.
తల ఊపాడు.
తర్వాత ఇంకో మాట చెప్పాను,
ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు.
సూది పట్టుకున్న చెయ్యి కోటు జేబులో పెట్టుకుని చెప్పాను.

చదివాడో లేదో.
ఆయన ఊపిరికి అద్దం తెల్లబడింది.
మోచేత్తో తుడిచి, నా వైపు అలాగే చూసి, అరిచాడు:
"రేపైనా చక్కెర వెయ్యమను మీ అమ్మని!"